ఎర్ర బిళ్ళ లేని బైపాస్

మా పటేల్‌గూడలో రిటైరైనవాళ్ళకు కొదవ లేదు. పొద్దున నడకకు వెళ్తే ఒకాయన టర్బైన్ల గురించి చెప్తాడు, ఇంకొకాయన వెల్డింగ్ షాపు గురించి చెప్తాడు. ఇద్దరికీ చేతులు తిప్పుతూ చూపించడానికి ఏదో ఒకటి ఉంటుంది. నా వంతు వచ్చేసరికి "రిపోర్టులు పంపించేవాణ్ణి" అంటాను. "అంటే క్లర్కా?" అంటారు. కాదని వివరించే ఓపిక నాకు ఎప్పుడో పోయింది. అవుననేసి నడక సాగిస్తాను.

కానీ గడ్డపోతారం వైపు ఫ్యాక్టరీల్లో ఇదే పనిలో కొత్తగా చేరినవాళ్ళు అప్పుడప్పుడు ఫోన్ చేస్తారు. వాళ్ళకు అవుననేసి తప్పించుకోలేను. ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి, ఏ కోర్సు మంచిది అని అడుగుతారు. అవి నాకంటే వాళ్ళకే బాగా తెలుసు. నాకు తెలిసింది వేరే. అది ఏ కోర్సులోనూ చెప్పరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ప్రమోషన్లు, సన్మానాలు రాయను. అవి వచ్చినప్పుడు కూడా నాకు పెద్దగా నిద్ర పట్టలేదు.

పని ఏమిటంటే

మాది మందుల ముడిసరుకు తయారుచేసే ఫ్యాక్టరీ. మేం చేసిన తెల్లటి పొడిని డ్రమ్ముల్లో నింపి పంపితే, కొన్న కంపెనీలు దాంతో మాత్రలు చేసుకుంటాయి. పొడి ఎంత ముఖ్యమో, దానితోపాటు వెళ్ళే ల్యాబ్ రిపోర్టూ అంతే ముఖ్యం. రిపోర్టు లేని డ్రమ్ములో ఉన్నది మందు కాదు, ఉత్త పొడి.

నేను చేరిన కొత్తలో రిపోర్టులు కాగితాల మీద వెళ్ళేవి. తర్వాత కొనేవాళ్ళ కంప్యూటరే మా కంప్యూటర్ని అడగడం మొదలుపెట్టింది: ఫలానా బ్యాచ్ రిపోర్టు ఇవ్వు, అని. అడిగితే ఇచ్చే ఆ ఏర్పాటు పేరు వెబ్ సర్వీస్. ఇవ్వాల్సింది ఎక్స్‌ఎంఎల్ రూపంలో. పేరు విని భయపడాల్సిందేమీ లేదు. వంటింట్లో డబ్బాల మీద పప్పు, చింతపండు అని రాసి పెట్టుకున్నట్టు, ప్రతి ఫలితాన్నీ దాని పేరు రాసిన డబ్బాలో పెట్టడమే. తేమ ఎంతో తేమ డబ్బాలో ఉండాలి, స్వచ్ఛత ఎంతో స్వచ్ఛత డబ్బాలో ఉండాలి.

ల్యాబ్ ఫలితాలు నేరుగా బయటికి పోవు. ఒకదాని తర్వాత ఒకటిగా కొన్ని దశలు దాటాలి. మొదటి దశ ఫలితాలన్నిటినీ పోగుచేస్తుంది. రెండోది తనిఖీ. ఏదైనా డబ్బా ఖాళీగా ఉన్నా, ఉండకూడనిది ఉన్నా రిపోర్టును అక్కడే ఆపేస్తుంది. మూడోది ఆ ఫలితాలను కొనేవాళ్ళు కోరిన భాషలోకి మార్చి, ఒక్కొక్క పరీక్ష పక్కన "అనుకూలం" అనో "ప్రతికూలం" అనో రాస్తుంది. చివరిది సంతకం వేసి అవతలికి అప్పజెప్తుంది. ఈ వరసనే పైప్‌లైన్ అంటారు. అవతలి కంప్యూటర్ "అందింది" అని జవాబిస్తేనే మా గేటు దగ్గర లారీ కదులుతుంది.

నడుస్తున్నంతకాలం ఈ పైప్‌లైన్ అనేది ఒకటుందని ఎవరికీ గుర్తుండదు. అది ఆగినప్పుడు తిట్లు తినడమే నా ఉద్యోగం.

ప్రసాదరావు గారి వాల్వు

నాకు దొరికిన బాసుల్లో ఎక్కువమంది గురించి చెప్పుకోవడానికేమీ లేదు. అరిచేవాళ్ళు అరిచారు, తియ్యగా మాట్లాడేవాళ్ళు తియ్యగానే మోసం చేశారు. ప్లాంట్ హెడ్ ప్రసాదరావు గారు మాత్రం వేరు. కోస్తా నుంచి ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడే స్థిరపడిన కెమికల్ ఇంజనీరు. పైపు మీద చెయ్యి వేసి లోపల ఏం నడుస్తుందో చెప్పేవారు. మనిషి మీద చెయ్యి వేసి చెప్పడం మాత్రం రాదు.

ఆయనకు ప్లాంటులో ఒక నియమం ఉండేది. ముఖ్యమైన ప్రతి వాల్వు పక్కన ఒక చుట్టుదారి గొట్టం ఉంటుంది, దాన్ని బైపాస్ అంటారు. వాల్వు చెడిపోతే బైపాస్ తెరిచి పని నడుపుకుంటారు. ఎవరు తెరిస్తే వాళ్ళు తమ పేరు రాసిన ఎర్ర బిళ్ళను తీగతో బైపాస్ తిప్పే చక్రానికి వేలాడదీయాలి. మళ్ళీ మూసి, ఆ బిళ్ళను విప్పాల్సింది కూడా వాళ్ళే. బిళ్ళ కట్టకుండా బైపాస్ తెరిచాడని ఒక ఆపరేటర్‌ను ఆయన గేటు బయట నిలబెట్టడం కళ్ళారా చూశాను. ఆ మనిషి చేతులు జోడించినా వినలేదు.

ఒకసారి బ్యాచ్ నంబర్లు రాసే పద్ధతి మార్చి చివర ఒక అక్షరం చేర్చారు. నాకెవరూ చెప్పలేదు. తనిఖీ దశకు ఆ అక్షరం నచ్చక రిపోర్టును ఆపేసింది. సరుకు మంచిది, పరీక్షలు మంచివి, లారీ మాత్రం సగం రోజు ఎండలో నిలబడింది. ప్రసాదరావు గారు నా గదిలోకి వచ్చారు.

"మల్లేశం గారూ, ఒక్క అక్షరం కోసం లారీ ఆపుతారేంటండీ?"

"తనిఖీ ఆపింది సార్. అది దాని పని."

"ప్లాంటులో ప్రతి వాల్వుకీ బైపాస్ ఉందండీ. మీ తనిఖీకి మాత్రం ఎందుకు లేదు? పెట్టించండి. స్విచ్ నా దగ్గర కూడా ఉండాలి."

నేను వద్దన్నాను. వాల్వు చెడితే పని నడపడానికి బైపాస్ ఉంటుంది, ఇక్కడ చెడింది వాల్వు కాదు, నంబరు అన్నాను. ఆయన విన్నారు. విన్నాక, "ఈ నెలాఖరులోగా అయిపోవాలండీ" అన్నారు. సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్ళు వచ్చి, స్విచ్ తిప్పితే తనిఖీ లేకుండానే రిపోర్టు వెళ్ళేలా బైపాస్ పెట్టి వెళ్ళారు. కొన్ని యుద్ధాలు మొదలుకాకముందే అయిపోతాయి. ఈ ఉద్యోగంలో ముందుగా నేర్చుకోవాల్సింది అలిసిపోకుండా ఓడిపోవడమని అప్పట్లో అనుకునేవాణ్ణి. ఇప్పుడు అంత నమ్మకంగా చెప్పలేను.

ఖాళీ డబ్బా

సునీత ల్యాబ్‌లో కొత్తగా చేరిన ఎనలిస్టు. సంగారెడ్డి కాలేజీలో చదువుకుంది. ఇంట్లో ఉద్యోగం ఉన్నది ఆమె ఒక్కదానికే. మాట తక్కువ. కానీ ఒక పట్టుదల ఉండేది: చెయ్యని పరీక్షకు ఫలితం రాయదు. ఇది చెప్పుకోవాల్సిన విషయమా అని మీకు అనిపించవచ్చు. కొన్నేళ్ళు పనిచేశాక మళ్ళీ ఆలోచించండి.

ఒక రోజు తేమ కొలిచే మిషన్ చెడిపోయింది. ఆమె మిగతా పరీక్షలన్నీ చేసి, తేమ డబ్బాను ఖాళీగా వదిలి, షిఫ్ట్ దిగేటప్పుడు తర్వాతి వాళ్ళకు ఆ మాట చెప్పి వెళ్ళింది. డబ్బా ఖాళీగా ఉంటే తనిఖీ ఆపుతుందని, అది ఆగితే లారీ ఆగుతుందని ఆమెకు తెలుసు. ఆ భరోసాతోనే ఖాళీగా వదిలింది.

తనిఖీ ఆపలేదు. రిపోర్టు వెళ్ళింది, అందిందని జవాబు వచ్చింది, లారీ కదిలింది. కొన్ని వారాలకు కొన్నవాళ్ళు డ్రమ్ములు తెరిచి చూస్తే పొడి గడ్డకట్టి ఉంది. రిపోర్టులో తేమ పక్కన "అనుకూలం" అని ఉంది. ఆ బ్యాచ్ ఎనలిస్టు పేరు సునీత.

మా క్వాలిటీ హెడ్‌కు ఇక ఆలోచించాల్సిన అవసరం కనిపించలేదు. పరీక్ష చెయ్యకుండానే రాసేసింది అన్నాడు. మందుల పరిశ్రమలో ఇంతకంటే చెడ్డ మాట లేదు. పటాన్‌చెరు నుంచి గడ్డపోతారం దాకా ఫ్యాక్టరీలన్నీ ఒకదానికొకటి తెలిసినవే. దొంగ రిపోర్టు రాసిందన్న మాట ఒక గేటు దగ్గర పడితే, ఇంకే గేటూ ఆ మనిషికి తెరుచుకోదు. ఆమెను ఇంటికి పంపడానికి మీటింగ్ పెట్టారు.

మీటింగ్ ముందు రోజు మధ్యాహ్నం ఆమె నా గదికి వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"సార్, నేను ఖాళీగనే వదిలిపెట్టిన. మిషన్ ఖరాబైంది. చెయ్యని టెస్టుకు నేనెట్ల రాస్త? తర్వాతి షిఫ్టోళ్ళు మాకేం తెల్వదంటున్నరు. నా మాట ఎవ్వరు ఇంటలేరు."

"కూసో బిడ్డా. ఖాళీగ ఉంటే తనిఖీ ఆపాలె గద?"

"నేను గదే అంటున్న సార్. మీ కంప్యూటర్ ఆపుతదనే నేను ఇంటికి పోయిన. ఇప్పుడు మీ కంప్యూటరే నేను రాసిన అంటుంది."

ఆ మాట నాకు గుచ్చుకుంది. నా కంప్యూటర్ ఒక మనిషి మీద అబద్ధం చెప్తుందన్న ఆలోచన అంతవరకూ నాకు రాలేదు. ఆగుతుంది, మొరాయిస్తుంది, ప్రాణం తీస్తుంది అనుకున్నానే కానీ అబద్ధమాడుతుందని అనుకోలేదు.

ఆమె వెళ్ళాక ఒక్కొక్క దశనే విప్పి చూశాను. మూడో దశలో సూత్రం ఇలా ఉంది: తేమ పరిమితి దాటితే "ప్రతికూలం" అని రాయి, లేకపోతే "అనుకూలం" అని రాయి. ఖాళీ డబ్బా పరిమితి దాటదు కదా. కాబట్టి అనుకూలం. ఆ సూత్రం రాసినవాళ్ళను కూడా తప్పుపట్టలేను. ఖాళీ డబ్బాలు తమ దాకా రానే రావని, ముందున్న తనిఖీ ఆపేస్తుందని వాళ్ళ ధీమా. సునీతది కూడా అదే ధీమా. అందరూ తనిఖీని నమ్ముకుని ఉన్నారు. తనిఖీ చూస్తే బైపాస్ తెరిచి ఉంది.

ఆ స్విచ్ తిప్పగలిగినవాళ్ళం ఇద్దరమే, నేనూ ప్రసాదరావు గారూ. నేను తిప్పలేదు.

ఎండీ గారి కారు

మీటింగ్‌లో ఎండీ, క్వాలిటీ హెడ్, ప్రసాదరావు గారు, నేను. కంప్యూటర్ ఉంది కాబట్టి నా గదిలోనే పెట్టారు. గోడ పక్కన సునీత నిలబడి ఉంది. ఆమెకు కుర్చీ వెయ్యాలని ఎవరికీ తోచలేదు.

ల్యాబ్ కంప్యూటర్లో డబ్బా ఖాళీగా ఉందని నేను చెప్పాను. "పట్టుబడ్డాక చెరిపేసి ఉంటుంది" అన్నాడు క్వాలిటీ హెడ్. దీనికి వాదనతో జవాబు లేదు. అందుకే గోడ మీద తెర వెలిగించి, ఎండీ గారిని ఆయన కారు నంబరు అడిగాను. ఎందుకన్నట్టు చూసి చెప్పారు.

ఆ నంబరునే బ్యాచ్ నంబరుగా పెట్టి, ఒక్క పరీక్ష ఫలితం కూడా లేకుండా, అన్ని డబ్బాలూ ఖాళీగా ఉంచి పైప్‌లైన్‌లోకి వదిలాను. బయటికి అప్పజెప్పే చివరి దశను మాత్రం ఆపి ఉంచాను. కాసేపటికి తెర మీద రిపోర్టు వచ్చింది. తేమ అనుకూలం. స్వచ్ఛత అనుకూలం. లోహాలు అనుకూలం. ఎండీ గారి కారు మందుల తయారీకి అన్ని విధాలా పనికొస్తుందని మా కంప్యూటర్ తేల్చింది.

ఎవరూ నవ్వలేదు. "తనిఖీ ఏమైంది?" అన్నారు ఎండీ.

"బైపాస్ తెరిచి ఉంది సార్. ఇప్పటికీ తెరిచే ఉంది."

"ఎవరు తెరిచారు?"

నన్ను ఉద్యోగంలోకి తీసుకున్నది ప్రసాదరావు గారు. ఆయన పేరు ఆ గదిలో చెప్పాలా, చెప్పకుండా ఎట్లా అని నేను కొట్టుకుంటూ ఉండగానే ఆయన లేచి తెర దగ్గరికి వెళ్ళారు. కళ్ళజోడు పైకి తోసుకుని, పైపును చూసినట్టే ఆ తెరను పైనుంచి కిందిదాకా చూశారు.

"దీనికి బిళ్ళ ఏదండీ?" అన్నారు.

నాకు వెంటనే అర్థం కాలేదు.

"ఎర్ర బిళ్ళండీ. ప్లాంటులో తెరిస్తే చక్రానికి బిళ్ళ వేలాడుతుంది. వచ్చేవాడికీ పోయేవాడికీ కనిపిస్తుంది. దీనికి చక్రం లేదు, బిళ్ళా లేదు. ఒక లారీ కోసం తెరిచాను, ఆ ఒక్కసారికే అనుకున్నాను. మూసెయ్యడం మరిచిపోయాను." ఎండీ వైపు తిరిగారు. "ఆ స్విచ్ తిప్పింది నేనేనండీ. ఆ అమ్మాయి ఏ తప్పూ చెయ్యలేదు."

తర్వాత ఆయన తన కుర్చీని గోడ పక్కకు లాగి సునీతను కూర్చోమన్నారు. ఆమె కూర్చుని, అప్పుడు ఏడ్చింది. బైపాస్ తెరవడంలో ఆయన తప్పు ఎంత ఉందో, నోరు విప్పడంలో ఆయన పెద్దరికమూ అంత ఉందని నా అభిప్రాయం. అంతమంది బాసుల కింద పనిచేశాను, తప్పు నాదేనని ఒక బాసు అనగా విన్నది ఆ ఒక్కసారే.

ఆ తర్వాత

స్విచ్ తెరిచి ఉన్నన్నాళ్ళూ వెళ్ళిన రిపోర్టులన్నీ మళ్ళీ చూడాల్సి వచ్చింది. సునీతా నేనూ పక్కపక్కన కూర్చుని ఒక్కొక్కటే సరిచూశాం. నాకు కళ్ళు మంటలు పుట్టాయి, ఆమెకు మెడ పట్టేసింది. అదృష్టం కొద్దీ ఖాళీ డబ్బా ఆ ఒక్క బ్యాచ్‌లోనే ఉంది. ఆ డ్రమ్ముల బదులు వేరే సరుకు పంపారు. ఖాళీ డబ్బాకు "ఫలితం లేదు" అనే రాయాలని మూడో దశను మార్పించాను.

బైపాస్ పూర్తిగా తీసెయ్యమని అడిగాను. అత్యవసరానికి ఉండాలన్నారు ఎండీ. సరే, అట్లాగైతే ప్లాంటు నియమమే ఇక్కడా ఉండాలన్నాను. అప్పటినుంచి బైపాస్ తెరవాలంటే నా గదికి వచ్చి, ఎర్ర బిళ్ళ మీద సొంత చేత్తో పేరు రాసి, సర్వర్ గది తలుపు పిడికి కట్టాలి. తనిఖీ లేకుండా వచ్చిందన్న మాటా, ఆ పేరూ రిపోర్టులోనే ఒక డబ్బాలో పడి కొనేవాళ్ళకు చేరతాయి. ఈ పద్ధతి వచ్చాక ఒక విచిత్రం జరిగింది. అంతకుముందు వారానికోసారి ఎవరో ఒకరు అత్యవసరమంటూ లారీని తొందరగా వదలమనేవాళ్ళు. పేరు రాయాల్సి వచ్చేసరికి ఎవరికీ అంత అవసరం పడలేదు.

ఏడాది తిరక్కముందే ప్రసాదరావు గారిని వేరే యూనిట్‌కు పంపేశారు. తప్పు చేసినందుకా, ఒప్పుకున్నందుకా అని నేను అడగలేదు. సునీతను దొంగ అన్న క్వాలిటీ హెడ్ మాత్రం ఆమెకు ఒక్క మాట కూడా చెప్పకుండా, శాలువా కప్పించుకుని హాయిగా రిటైరయ్యాడు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మండినా చేసేదేమీ లేదు.

చివరి వారం

సునీత పైకి వచ్చింది. నేను దిగిపోయే నాటికి ఆమే క్వాలిటీ హెడ్. ల్యాబ్ అంతా సునీత మేడమ్ అంటే హడల్. నేను గర్వపడ్డానని చెప్పడానికి సిగ్గుపడను.

నా ఆఖరి వారంలో ఒక రోజు భోజనాలయ్యాక ఆమె నా గదికి వచ్చింది. ముఖం పీక్కుపోయి ఉంది. గేటు దగ్గర లారీ నిలబడి ఉందట. ఆ పూట బయల్దేరకపోతే సరుకుకు ఓడ అందదట. ఎండీ ఫోన్ మీద ఫోన్ చేస్తున్నారట. తేమ మిషన్ మళ్ళీ మొరాయించిందట.

"సార్, జెర ఈ ఒక్కసారికి బైపాస్ తియ్యుండ్రి. నా పేరు రాస్త, నాకేం భయం లేదు. సరుకు మంచిదే. రేపు పొద్దుగాల్ల టెస్టు జేసి నింపేస్తం."

ఎదురుగా ఉన్నది సునీత. గొంతు ఆమెదే. కానీ నేను ఆ మాటలు ఎక్కడ విన్నానో నాకు తెలుసు. కోపం రాలేదు. చాలా అలసటగా అనిపించింది, అంతే. ఇన్నేళ్ళు పనిచేసి, అది ఒక మనిషి మెడకు చుట్టుకోవడం చూసి, దశలు మార్చి, నియమం పెట్టి, చివరికి ఆ మనిషే వచ్చి అదే అడుగుతుంటే ఇంక నేనేం చేసినట్టు?

సొరుగు లాగి ఎర్ర బిళ్ళా పెన్నూ బల్ల మీద పెట్టాను.

ఆమె వంగి రాయడం మొదలుపెట్టింది. మొదటి అక్షరం పడ్డాక చెయ్యి ఆగింది. తలెత్తి గోడ వైపు చూసింది. మీటింగ్ రోజు తను నిలబడ్డ ఆ గోడ దగ్గర ఇప్పుడు బీరువా ఉంది, ఎవరూ నిలబడి లేరు.

ఫోన్ తీసి గేటుకు చేసింది. "లారీ లోపలికి తిప్పుమను. ఇయ్యాల పోదు. ఎండీ సార్‌కు నేనే చెప్పుకుంట."

పెన్ను బల్ల మీద పెట్టి నా ఎదురుగా కూర్చుంది. కూర్చోమనకుండానే కూర్చోవడం అదే మొదటిసారి.

"వచ్చే వారం మీరుండరు గద సార్. నేను మల్ల గిట్లనే వస్తే నన్నెవరు ఆపుతరు?"

తెలవదు బిడ్డా అన్నాను. ఆమె లేచి, ఒక్క అక్షరం పడ్డ ఆ బిళ్ళను తీసి తెల్లకోటు జేబులో వేసుకుని వెళ్ళిపోయింది. బయట లారీ వెనక్కి తిరుగుతున్న చప్పుడు వినిపించింది.